స్పినాకర్ కొనే ముందు డెక్ కింద చూడండి

క్రూజింగ్ బోటుకు, అంటే రేసులకు కాక విహారానికి వాడే తెరచాప బోటుకు, స్పినాకర్ (వెనుకగాలిలో బోటు ముందు బెలూన్‌లా ఎగిరే పెద్ద, పల్చటి తెరచాప) పెట్టించుకోవాలని అనుకునే వారిలో చాలామంది తెరచాప దగ్గరే ఆలోచన మొదలుపెడతారు. ఎంత వైశాల్యం ఉండాలి, ఏ మందం నైలాను మంచిది, కొత్తది కొనాలా, ఎవరో వాడి పక్కన పెట్టినది తెచ్చుకోవాలా, రంగులు ఏవి బాగుంటాయి అనే చర్చ చలికాలమంతా సాగుతుంది. దానిని ఎగరేయడానికి డెక్ మీద ఏమేం కావాలనేది మాత్రం బోటు నీళ్ళలోకి దిగే ముందు వారం, కేటలాగు తిరగేస్తూ తేల్చేస్తారు. ఈ వరుస తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. తెరచాప నచ్చకపోతే అమ్ముకోవచ్చు, చిరిగితే కుట్టించుకోవచ్చు, పెద్దదైతే తగ్గించి కుట్టించుకోవచ్చు. డెక్‌లో వేసిన రంధ్రం మాత్రం బోటు ఉన్నంతకాలం ఉంటుంది. అది ఉండకూడని చోట ఉన్నా, సరిగ్గా మూసి ఉండకపోయినా, ఆ సంగతి కొన్నేళ్ళ తరువాత కాని బయటపడదు.

ఇద్దరు మనుషులు నడిపే క్రూజింగ్ బోటు మీద స్పినాకర్ సామగ్రి వీలైనంత తక్కువగా ఉండాలనీ, కానీ ఉన్న ప్రతి ముక్కా హాయిగా సాగే ప్రయాణాన్ని కాక, బోటు అదుపు తప్పే ఆ అర నిమిషాన్ని లెక్కలోకి తీసుకుని, డెక్ కింద నుంచి గట్టిగా బిగించినదై ఉండాలనీ నేను వాదిస్తాను. ఈ మాటకు రెండు వైపుల నుంచీ అభ్యంతరం వస్తుంది. రేసింగ్ బోట్ల మీద పనిచేసి వచ్చినవారు, మాస్తు (చాపలను మోసే స్తంభం) మీద, చాప మూలను బయటికి పట్టే పోల్ జరిగే ట్రాక్ నుంచి వెనుక మూలల్లో రెండేసి బ్లాకుల (తాడు తిరిగే కప్పీల) వరకూ మొత్తం సరంజామా లేనిదే స్పినాకర్ జోలికి పోవద్దంటారు. రెండో పక్షం వారు, తేలికపాటి గాలికి వాడే పల్చటి గుడ్డే కదా అంటూ, స్టాన్షన్ (డెక్ అంచున నిలిపిన రెయిలింగు కడ్డీ) పాదానికి ఒక తాడు ముక్కతో బ్లాకు కట్టేసి, ముందు కొసను పల్పిట్‌కు (ముక్కు దగ్గరి గొట్టాల రెయిలింగుకు) ముడివేసి బయలుదేరతారు. మొదటివారితో నాకు పేచీ కొద్దిగానే ఉంది. రెండోవారిది మాత్రం ప్రమాదకరమైన ఆలోచన.

మా బోటు 1980ల నాటి 30 అడుగుల ఫైబర్‌గ్లాస్ స్లూప్, అంటే ఒకే మాస్తున్న తెరచాప బోటు. అది ఉండేది అమెరికాలోని చెసపీక్ బేలో, అనపోలిస్‌కు దగ్గరగా ఉన్న ఒక క్రీక్‌లో. దాదాపు 200 మైళ్ళ పొడవున ఉత్తర దక్షిణాలుగా సాగే ఈ బే మీద వేసవిలో గాలి ఎక్కువగా దక్షిణం వైపు నుంచి, అదీ చాలా మెల్లగా వీస్తుంది. సోలమన్స్ నుంచి ఉత్తరంగా ఇంటికి తిరిగివచ్చే దారంతా అది వెనుకగాలే. అప్పుడు జెనోవా (మాస్తుకు ముందుండే మామూలు చాప) నిండదు, ఖాళీగా కొట్టుకుంటూ ఉంటుంది; చివరికి విసుగెత్తి ఇంజను వేస్తాం. అలాంటి రోజులకే స్పినాకర్ కావాలి. అయితే ఈ బేలోనే వేసవి సాయంత్రాల్లో పడమటి నుంచి ఉరుములతో గాలివాన వచ్చి పడుతుంది, దానికి ఎక్కువ వ్యవధి ఇవ్వడం అలవాటు లేదు. కనుక మాకు కావలసినవి రెండు: నీరసమైన గాలిలో ఎగిరే చాప, ఒక్క మనిషి రెండు మూడు నిమిషాల్లో దించగలిగే ఏర్పాటు. డెక్ మీద ఏది ఎక్కడ ఉండాలో ఈ రెండో అవసరమే ఎక్కువగా నిర్ణయిస్తుంది.

ఇక్కడ ఒక పక్క మాట. మనవాళ్ళలో హుస్సేన్ సాగర్ మీద తెరచాప పడవ నేర్చుకున్నవారు సాధారణంగా ఆప్టిమిస్ట్‌తోనో లేజర్‌తోనో మొదలుపెడతారు. ఆ రెండు పడవలకూ ఉండేది ఒక్క చాప. గాలి ఎలా తిరుగుతుందో, పడవ దానికి ఎలా స్పందిస్తుందో అవి నేర్పినంత బాగా మరేదీ నేర్పదు. కానీ తాడు మీద బరువు పెద్దదైతే ఏమవుతుందో మాత్రం అవి నేర్పవు, ఎందుకంటే అక్కడ ప్రతి తాడునూ చేతితోనే పట్టుకోగలం. 30 అడుగుల బోటు మీద ఆ అలవాటుతో సామగ్రిని అంచనా వేస్తే లెక్క చాలా దూరం తప్పుతుంది.

లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. బ్లాకులు, వించీలు (తాడును చుట్టి లాగే డ్రమ్ములు) తయారుచేసేవారు షీటు (చాప వెనుక కొసను పట్టే తాడు) మీద పడే బరువును అంచనా వేయడానికి ఒక సులువైన సూత్రం వాడతారు: చాప వైశాల్యాన్ని చదరపు అడుగుల్లో, దానికి తగిలే గాలి వేగాన్ని నాట్లలో (గంటకు సముద్ర మైళ్ళలో) తీసుకుని, వేగాన్ని దానితోనే హెచ్చించి, ఆ మొత్తాన్ని 0.00431తో గుణిస్తే పౌండ్లలో బరువు వస్తుంది. మాలాంటి బోటుకు 700 చదరపు అడుగుల చాప అనుకుందాం. 12 నాట్ల వెనుకగాలిలో బోటు 5 నాట్లతో పోతుంటే చాపకు తగిలేది 7 నాట్ల గాలే. షీటు మీద బరువు సుమారు 67 కిలోలు. డెక్ మీద నిలబడితే గాలి ఉన్నట్టే అనిపించదు, షీటును రెండు చేతులతో ఆపగలం. స్టాన్షన్‌కు కట్టిన బ్లాకు చాలుననే నమ్మకం ఇక్కడే పుడుతుంది.

ఇప్పుడు చుక్కాని పట్టుకున్నవారు ఒక్క క్షణం పరధ్యానంలో ఉన్నారనుకోండి, బోటు గాలి వైపు తిరిగిపోయి పక్కగాలిలో పడింది. గాలి పెరగలేదు, అదే 12 నాట్లు. కానీ బోటు ఇక గాలి నుంచి పారిపోవడం లేదు కాబట్టి చాపకు తగిలే గాలి 13 నాట్ల దాకా పోతుంది. బరువు 230 కిలోలు దాటుతుంది, అంటే మూడున్నర రెట్లు. అదే సమయంలో 18 నాట్ల విసురు ఒకటి వస్తే 440 కిలోలు. ఇది తాడు మీద బరువు మాత్రమే. వెనుక మూలలో ఉన్న బ్లాకు చుట్టూ షీటు దాదాపు పూర్తిగా మలుపు తిరిగి ముందున్న వించీకి వస్తుంది కాబట్టి, బ్లాకు మీదా దానిని పట్టి ఉంచిన బోల్టుల మీదా రెండు వైపుల బరువూ కలిసి పడుతుంది: సుమారు 860 కిలోలు. దానికి తోడు చాప ఒకసారి ముడుచుకుపోయి మళ్ళీ ఢమాలున తెరుచుకున్నప్పుడు వచ్చే కుదుపు ఈ సూత్రంలో లేనే లేదు. పల్చటి గుడ్డ అన్నమాట నిజమే. దాని మీద పడే గాలి మాత్రం పల్చటిది కాదు.

మలుపు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే సామగ్రిని తగ్గించుకునే దారి కూడా ఇందులోనే ఉంది. తాడు 180 డిగ్రీలు తిరిగితే బ్లాకు మీద తాడు బరువుకు రెట్టింపు పడుతుంది. 90 డిగ్రీలైతే 1.41 రెట్లు, 60 అయితే సరిసమానం, 30 డిగ్రీలైతే సగం. తాడును నేరుగా పోనిచ్చి కేవలం దారి చూపించే రింగు మీద దాదాపు ఏమీ పడదు. కనుక ఎక్కడ తాడు గట్టిగా మలుపు తిరుగుతుందో అక్కడ మాత్రమే డెక్‌ను తొలచి బోల్టులు వేయాలి. నేరుగా పోయేచోట స్టాన్షన్‌కు బిగించే చిన్న గైడు చాలు. రెండో పక్షం వారు స్టాన్షన్‌ను వాడటం తప్పు కాదు, వాడకూడని చోట వాడటమే తప్పు.

పోల్‌తో ఎగిరే సాంప్రదాయిక స్పినాకర్ విషయం త్వరగా ముగిస్తాను. నిటారు వెనుకగాలిలో దానికి సాటి లేదు, ఒప్పుకుంటాను. కానీ దానికి మాస్తు మీద రింగు లేదా ట్రాక్, పోల్‌ను పైకి పట్టే తాడు, కిందికి లాగే తాడు, రెండు వైపులా షీటూ గైయూ (పోల్ కొసను వెనక్కి పట్టే తాడు), వాటికి వేర్వేరు బ్లాకులు, బోటు వెడల్పాటి చోట గైని కిందికి లాగే ట్వింగులు కావాలి. పోల్ పొడవు మాస్తుకూ, దానిని ముక్కుకు బిగించి పట్టే ముందు స్టేకూ మధ్య దూరమంత ఉండాలి కాబట్టి మా బోటు మీద అది మూడున్నర మీటర్ల అల్యూమినియం గొట్టం అవుతుంది. ఆ గొట్టాన్ని ఊగే ముందు డెక్ మీద ఒక మనిషి ఒక వైపు నుంచి మరో వైపుకు మార్చాలి. అయిదుగురున్న రేసింగ్ సిబ్బందికి అది ఆట. నేనూ, నా భార్యా మాత్రమే ఉన్న బోటు మీద అది అనవసరమైన సాహసం. అసిమెట్రిక్ స్పినాకర్‌కు, అంటే రెండు అంచులూ సమానంగా లేని రకానికి, పోల్ అక్కర్లేదు; గాలికి కాస్త ఏటవాలుగా వంకర టింకరగా పోవాల్సి వస్తుంది, దారి కొంచెం పెరుగుతుంది. ఆ ధరకు డెక్ మీద డజనుకు పైగా రంధ్రాలు వేయకుండా తప్పించుకున్నాం.

అసిమెట్రిక్‌కు అసలైన సమస్య ముక్కు దగ్గర ఉంది, నా ఆలోచనలో ఎక్కువ భాగం దానికే పోయింది. చాప ముందు కింది కొసను పట్టే టాక్ లైను ముందు స్టే కంటే ముందు నుంచి, పల్పిట్ గొట్టాలకు తగలకుండా లేవాలి. పల్పిట్ మనిషి పడిపోకుండా పట్టుకోవడానికి ఉన్నది, చాప బరువు మోయడానికి కాదు. పైగా దారిదీపాలు చాలా బోట్లలో దాని మీదే ఉంటాయి, బిగిసిన తాడు ఒకసారి రాసుకుపోతే దీపం పని సరి. అందువల్ల అందరి చూపూ లంగరు రోలరు మీద పడుతుంది: బయటికి పొడుచుకుని ఉంటుంది, స్టెయిన్‌లెస్ స్టీలు, చూడటానికి బలమైనది. కానీ రోలరును ఏ బరువు కోసం తయారుచేశారో గుర్తుంచుకోవాలి. లంగరు గొలుసు దానిని కిందికి నొక్కుతుంది, ఆ నొక్కుడును డెక్ అంచు మోస్తుంది. టాక్ లైను దానిని పైకి ఎత్తుతుంది, గాలివాటుకు పక్కకు కూడా లాగుతుంది. కొస దగ్గర పైకి ఎత్తే బరువుకు రోలరు మొత్తం మీటతో పెకలించినట్టు పనిచేస్తుంది. డెక్ అంచుకు దగ్గరగా ఉన్న ముందు బోల్టుల మీద అసలు బరువు కంటే ఎక్కువ లాగుడు పడుతుంది. రోలరు ఎంత బయటికి ఉంటే అంత ఎక్కువ.

దీనికి మేము ఎంచుకున్న మార్గం కొత్తదేమీ కాదు, పాత పడవల బౌస్‌ప్రిట్ (ముక్కు నుంచి ముందుకు పొడుచుకుని ఉండే దూలం) కింద, అది పైకి లేవకుండా పట్టే బాబ్‌స్టేయే. నీటి గీతకు కొద్దిగా పైన, ముక్కు మీద ఒక యూ-బోల్టు వేసి, రోలరు కొస నుంచి దానికి డైనీమా అనే చాలా గట్టి నారతో చేసిన తాడు ఒకటి బిగించాం. పైకి లేపే బరువు ఆ తాడు ద్వారా నేరుగా ముక్కుకు చేరుతుంది, రోలరు బోల్టులకు మిగిలేది చాలా తక్కువ. ముక్కు దగ్గర మా బోటులో కోర్ (పొరల మధ్య పెట్టే కలప) లేదు, అంతా గట్టి ఫైబర్‌గ్లాస్. రంధ్రం వేయడానికి బోటు మొత్తంలో అంతకంటే భద్రమైన చోటు లేదు. లంగరు వేసినప్పుడు గొలుసు ఆ తాడును కోసేస్తుంది కాబట్టి అది సులువుగా విప్పి పక్కకు కట్టుకునేలా ఉండాలి. లంగరును కూడా స్పినాకర్ లేపే ముందు లోపలి లాకరులో పడేయాలి; నైలాను చాపకూ లంగరు కొనకూ పొసగదు.

టాక్ లైను మాత్రం తప్పనిసరిగా కాక్‌పిట్ (చుక్కాని పట్టేవారు కూర్చునే చోటు) దాకా రావాలి. గాలి వెనక్కి తిరిగినప్పుడు దానిని మీటరు దాకా వదిలితే చాప గాలి వైపు జరుగుతుంది; పక్కగాలికి వచ్చినప్పుడు బిగించాలి. అంతకంటే ముఖ్యం, మరేదీ పనిచేయనప్పుడు దానిని పూర్తిగా వదిలేస్తే చాప బరువంతా ఒక్కసారిగా పోతుంది. చుక్కాని పట్టినవారి చేతికి అందని టాక్ లైను ఉన్నా లేనట్టే. రోలరు దగ్గరున్న బ్లాకు మీద దాని మలుపు 90 డిగ్రీలకు పైగానే ఉంటుంది, అక్కడ బలమైన బ్లాకు కావాలి. అక్కడి నుంచి వెనక్కి వచ్చే దారి మాత్రం దాదాపు నేరుగా ఉంటుంది. స్టాన్షన్లకు బిగించిన గైడుల గుండా రావచ్చు, డెక్‌ను ముట్టుకోనక్కర్లేదు.

హాలియార్డ్ (చాపను పైకి లేపే తాడు) విషయంలో నా అభిప్రాయం ఇప్పటి ఫ్యాషనుకు ఎదురుగా ఉంటుంది. అన్ని తాళ్ళూ కాక్‌పిట్‌కు తీసుకురావడమే భద్రత అని అందరూ అంటున్నారు. స్పినాకర్ హాలియార్డ్‌ను నేను మాస్తు దగ్గరే ఉంచమంటాను. చాపను ఒక పొడవాటి గుడ్డ తొడుగులో, అంటే అందరూ సాక్ అనే దానిలో, పైకి లేపుతాం. తరువాత ఆ సాక్‌ను పైకి లాగితే చాప విచ్చుకుంటుంది, కిందికి లాగితే మూసుకుంటుంది. ఈ లాగుడంతా ముందు డెక్ మీద జరిగే పని. ఎలాగూ అక్కడ ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి పక్కనే హాలియార్డ్ ఉంటే లేపేదీ దించేదీ ఒకరే అవుతారు. దానిని కాక్‌పిట్‌కు తేవాలంటే మాస్తు అడుగున ఒక బ్లాకు, క్యాబిన్ పైకప్పు మీద తాడును వెనక్కి మళ్ళించే ఒక ఆర్గనైజరు, వెనుక తాడును పట్టి ఆపే ఒక క్లచ్ కావాలి. అవన్నీ కోర్ ఉన్న చోటే పడతాయి. ప్రతి మలుపూ ఒరిపిడిని పెంచుతుంది, తొందరగా దించాలన్నప్పుడు చాప తన బరువుతో తాను దిగదు. మాస్తు మీద క్లీటుకు (తాడు చుట్టి కట్టే కొమ్ముకు) నాలుగు మరలు చాలు. స్టెయిన్‌లెస్ మరను అల్యూమినియం మాస్తులోకి వేసేటప్పుడు మధ్యలో ఇన్సులేటింగ్ పేస్టు పూయకపోతే, ఉప్పునీటిలో మర చుట్టూ ఉన్న అల్యూమినియం తినేసుకుపోతుంది, అంతే జాగ్రత్త.

మాస్తు కొన దగ్గర ఒక సంగతి తప్పక చూడాలి. జెనోవాకు ఉన్న రెండో హాలియార్డ్‌ను స్పినాకర్‌కు వాడేయవచ్చనే ఆశ చాలామందికి ఉంటుంది. అది ముందు స్టేకు వెనుక నుంచి దిగుతుంది. స్పినాకర్ ఎగిరేది స్టేకు ముందు. అలా వాడితే తాడు ఫర్లరు (జెనోవాను స్టే చుట్టూ చుట్టే పరికరం) పై భాగానికి రాసుకుంటూ, కొన్ని గంటల్లోనే తెగేదాకా వస్తుంది. స్టే కంటే పైన, ముందుకు పొడుచుకుని ఉండే క్రేనుకు వేలాడే, ఎటైనా తిరగగల బ్లాకు ఉండాలి. మాస్తు మొత్తం ఎత్తుకు ముందు స్టే చేరని ఫ్రాక్షనల్ రిగ్ అయితే హాలియార్డ్ స్టేకు కొంచెం పైన మాత్రమే ఉండాలి. ఆధారం లేని మాస్తు కొనకు చాప కట్టి లాగే ముందు రిగ్గరును (మాస్తు, తీగల పని తెలిసినవారిని) అడగాలి.

వెనుక షీటు బ్లాకుల స్థానం తేల్చడం సులువు: ఎంత వెనక్కి వీలైతే అంత వెనక్కి, ఎంత బయటికి వీలైతే అంత బయటికి. బోటు అంచున రంధ్రాలున్న అల్యూమినియం టో రెయిల్ ఉన్నవారు అదృష్టవంతులు. అది పొడవునా దగ్గర దగ్గరగా బోల్టులతో, డెక్‌నూ హల్‌నూ (బోటు కింది శరీరాన్ని) కలిపే అతుకులోనే బిగించి ఉంటుంది. బ్లాకును షాకిల్‌తో (పిన్నుతో మూసే లోహపు కొక్కెంతో) దానికి తగిలిస్తే చాలు, ఒక్క రంధ్రమూ అక్కర్లేదు. మాది టేకు రెయిల్, దానికి ఆ యోగ్యత లేదు. కాబట్టి రెండు మూలల్లో రెండు ప్యాడ్ ఐలు (డెక్‌కు బోల్టులతో బిగించే రింగు పలకలు) వేయక తప్పలేదు. అక్కడి నుంచి షీటు జెనోవా వించీకే వస్తుంది. స్పినాకర్‌కు వేరే వించీలు కావాలనే మాట క్రూజింగ్ బోటుకు వర్తించదు. జెనోవా ఫర్లరు మీద చుట్టి ఉన్నంతసేపు దాని వించీలు ఖాళీగానే ఉంటాయి, దాని షీట్లను పక్కన క్లీటుకు కట్టేస్తే సరిపోతుంది. చూడవలసినది ఒక్కటే: షీటు వించీ డ్రమ్ము వద్దకు కొద్దిగా కింది నుంచి ఎక్కాలి. పై నుంచి వస్తే చుట్ల మీద చుట్టు పడి బిగుసుకుపోతుంది, అప్పుడు వదలాలన్నా వదలదు. తాడు ముక్క ఒకటి తీసుకుని బ్లాకును చేతితో పట్టుకుని, వించీ దాకా లాగి చూసుకున్న తరువాతే పెన్సిలుతో గుర్తు పెట్టాలి.

ఇక రంధ్రం సంగతి. చాలా ఫైబర్‌గ్లాస్ బోట్ల డెక్ రెండు పల్చటి ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బల్సా కలపను గానీ ప్లైవుడ్‌ను గానీ పెట్టి తయారవుతుంది. తేలికగా, గట్టిగా ఉంటుంది, నీళ్ళు లోపలికి పోనంతవరకు. బోల్టు చుట్టూ ఒక చిన్న సందు దొరికితే చాలు, వాన నీరు ఆ కలపలోకి దిగి అక్కడే ఉండిపోతుంది. పై పొర గట్టిగా ఉండటం వల్ల సంవత్సరాల పాటు ఏమీ తెలియదు. అలా తడిసిన కోర్‌లో గాలి తగలకుండా మునిగి ఉండే స్టెయిన్‌లెస్ బోల్టు కూడా లోలోపలే తుప్పు పడుతుంది, పైన తల మాత్రం మెరుస్తూనే ఉంటుంది. 

ముందుగా స్క్రూడ్రైవరు ప్లాస్టిక్ పిడితో డెక్‌ను అంగుళం అంగుళం తట్టుకుంటూ పోవాలి. పొడిగా ఉన్నచోట టకటకమని స్పష్టమైన చప్పుడు వస్తుంది. తడిసి విడిపోయిన చోట చప్పుడు చచ్చిపోతుంది. మా ఎడమ వెనుక మూలలో చప్పుడు బాగానే ఉంది. కుడి మూలలో పాత క్లీటు ఒకటి ఉన్న చోటుకు జానెడు దూరం దాకా చప్పుడు మందంగా వచ్చింది. సన్నని డ్రిల్లుతో కింది వైపు నుంచి, పై పొర దాటకుండా చూసుకుంటూ తొలిస్తే, ఎడమ వైపు నుంచి లేత పసుపు రంగు పొట్టు పొడిపొడిగా రాలింది. కుడి వైపు డ్రిల్లు కొనకు అంటుకుని వచ్చినది ముదురు గోధుమ రంగులో, నానిన అటుకుల్లా ఉంది. ఆ మూలలో ప్యాడ్ ఐ వేసే ముందు కింది పొరను కోసి, పాడైన బల్సాను తీసేసి, ఆరబెట్టి కొత్తది వేయాల్సి వచ్చింది. ముందున్న యజమాని ఎవరో క్లీటు కింద వదిలేసిన సందుకు మేం కట్టిన రుసుము అది.

బాగున్న చోట కూడా పని ఇలా చేయాలి. రంధ్రం వేశాక, వంచిన మేకును డ్రిల్లుకు బిగించి లోపల తిప్పితే రెండు పొరల మధ్యనున్న బల్సా అంచు చుట్టూ సెంటీమీటరు మేర పిండి అయి రాలుతుంది, పొరలకు ఏమీ కాదు. ఆ పొడిని వాక్యూముతో లాగేసి, కింది నుంచి టేపు అతికించి, మొదట పల్చటి ఎపాక్సీ (ఆరి గట్టిపడే రెసిన్) పోసి కలప అంచుకు తాగించాలి. తరువాత సిలికా పొడి కలిపి చిక్కబరిచిన ఎపాక్సీని పైదాకా నింపాలి. గట్టిపడ్డాక దాని నడుమ మళ్ళీ రంధ్రం వేస్తే, బోల్టు చుట్టూ ఇక కలప ఉండదు. ఎప్పుడైనా సీలెంటు పాడై నీరు దిగినా, అది క్యాబిన్‌లోకి కారుతుంది తప్ప కోర్‌లోకి పోదు. కారే బోల్టును చూసి బాగుచేసుకోవచ్చు కదా! రెండు రోజులు ఎక్కువ పడుతుందని ఈ పని మానేసేవారిని చాలామందిని చూశాను, డబ్బు తీసుకుని చేసేవారిలో కూడా. ఎవరైనా ఒకే పూటలో నాలుగు ఫిట్టింగులు బిగించి ఇస్తానంటే ఈ పని జరగదనే అర్థం, ఎపాక్సీ ఆరడానికి పట్టే సమయాన్ని ఎవరూ తగ్గించలేరు.

కింద వేసే బ్యాకింగ్ ప్లేటుకు ఆరు మిల్లీమీటర్ల జి-10 పలక నాకు నచ్చుతుంది. అది గాజు నార, ఎపాక్సీ కలిపి అచ్చుపోసిన పలక. తుప్పు లేదు, కుళ్ళదు, రంపంతో కోయవచ్చు, కాకపోతే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకుండా ముసుగు వేసుకోవాలి. పెద్ద వాషర్లు చాలవా అని అడుగుతారు. బరువు పడ్డప్పుడు వాషరు పళ్ళెంలా వంగిపోయి, బలమంతా నట్టు చుట్టూ ఉన్న పిసరంత చోటు మీదే నిలుస్తుంది. డెక్ అడుగు భాగం ఎప్పుడూ నునుపుగా ఉండదు కాబట్టి ప్లేటును చిక్కటి ఎపాక్సీలో కూర్చోబెట్టాలి, లేకపోతే అది మూడు గుబకల మీద మాత్రమే ఆనుతుంది. ప్యాడ్ ఐ పరిమాణానికి కనీసం రెండింతలుండి, మూలలు గుండ్రంగా కోసిన ప్లేటైతే బరువు విస్తారంగా పరుచుకుంటుంది.

సీలెంటుకు త్రీఎం 5200 లాంటి శాశ్వతమైన జిగురు వద్దు. అది ఫిట్టింగును డెక్‌తో ఎంత గట్టిగా కలిపేస్తుందంటే, విప్పాల్సి వచ్చినప్పుడు పై పొర కూడా ఊడి వస్తుంది. జిగట రబ్బరులా ఉండే బ్యూటైల్ టేపు చాలు. రంధ్రం పై అంచును కొద్దిగా చెక్కి, బోల్టు తల కింద టేపును చిన్న గోపురంలా చుట్టి బిగిస్తే, అది ఆ చెక్కిన చోటులో నిండుతుంది. ఒకేసారి బిగించేయకూడదు, కొంత బిగించి, బయటికి పొంగిన టేపును కోసేసి, మర్నాడు మళ్ళీ కొంత బిగించాలి. ఈ పనికి ఇద్దరు కావాలి. మా బావమరిది సెలవులకు వచ్చి కాక్‌పిట్ లాకరులోకి దూరాడు, తల ఒక చోట, కాళ్ళు మరో చోట. నేను పైన స్క్రూడ్రైవరు పట్టుకుని ఉంటే, లోపలి నుంచి, “బావా, నువ్వు తిప్పకు, కదలకుండా పట్టుకో చాలు, నట్టు నేను తిప్పుకుంటా” అని అరిచాడు. అతనికి బోట్ల గురించి పెద్దగా తెలియదు కానీ ఈ విషయంలో అతనిదే సరైన మాట. పైన బోల్టు తిరిగితే దాని చుట్టూ కుదురుకున్న బ్యూటైల్ చిరిగిపోతుంది. తిరగాల్సింది ఎప్పుడూ కింది నట్టే. 

సాక్ బదులు ఇప్పుడు చాలామంది టాప్-డౌన్ ఫర్లరు వైపు చూస్తున్నారు, తాడు లాగితే చాప పై నుంచి కిందికి చుట్టుకుపోతుంది. పరికరం ముచ్చటైనదే. అయితే అది చుట్టడానికి వాడే టార్క్ తాడును గట్టిగా బిగించి ఉంచాలి. ఆ బిగువంతా ఒక చివర హాలియార్డ్ మీదా మరో చివర ముక్కు మీదా పడుతుంది. బిగువైన లఫ్‌తో (ముందు అంచుతో) గాలికి ఎదురుగా కూడా కొంత పోగల కోడ్ జీరో లాంటి చాపలైతే ఇంకా ఎక్కువ. సాక్‌కు తగ్గట్టు అమర్చిన డెక్ మీదికి అదే బ్లాకులతో ఆ ఫర్లరును తెచ్చిపెట్టడం తగదు. బాబ్‌స్టే, క్రేను, హాలియార్డ్ అన్నీ మళ్ళీ మొదటి నుంచి లెక్కవేయాలి. అమ్మేవారు ధర చెబుతారు, ఈ మాట తరచుగా చెప్పరు.

అన్నీ బిగించాక మొదటి పరీక్ష గాలిలో కాదు, గొట్టంతో పట్టే నీళ్ళతో. ఒకరు పైన పది నిమిషాలు నీళ్ళు పడుతుంటే మరొకరు కింద టార్చితో ప్రతి నట్టునూ చూడాలి, టిష్యూ కాగితం ఒత్తి చూస్తే సన్నని తడి కూడా తెలుస్తుంది. రెండోది, గాలి లేని ఉదయం బోటు డాకుకు కట్టి ఉండగానే సాక్‌లో ఉన్న చాపను పైదాకా లేపి, హాలియార్డ్ ఎక్కడా మెలిపడలేదనీ, షీట్లు లైఫ్‌లైన్లకు (స్టాన్షన్ల మధ్య కట్టిన తీగలకు) బయటి నుంచే వెళ్తున్నాయనీ చూసుకోవడం. షీటు చివర్లకు ముడులు వేయకూడదు. జెనోవాకు ముడి వేయడం మంచి అలవాటే కానీ, స్పినాకర్‌ను వదిలేయాల్సి వస్తే తాడు బ్లాకులోంచి పూర్తిగా జారిపోవాలి. మొదటిసారి గట్టి గాలిలో వాడి వచ్చిన తరువాత ప్యాడ్ ఐల చుట్టూ జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ పై నున్నటి పూత) మీద వెంట్రుకవాసి పగుళ్ళు వచ్చాయేమో వేలితో తడిమి చూడాలి. అవి కనిపిస్తే డెక్ వంగుతోందన్నమాట, కింద ప్లేటు చాలడం లేదన్నమాట.

మా బోటు మీద ఇంకా వేయని రంధ్రాలు రెండున్నాయి. షీటును బోటు వెడల్పాటి చోట కిందికి లాగి పట్టే బార్బర్ హాలరు కోసం రెండు వైపులా ప్యాడ్ ఐలు కావాలని రేసింగ్ మిత్రుడొకడు చెబుతూనే ఉన్నాడు. అలలు ఎక్కువగా ఉన్న వెనుకగాలిలో చాప ఊగకుండా అది పట్టి ఉంచుతుందన్న మాట నిజమే. ప్రస్తుతానికి పక్క నుంచి తెరుచుకునే స్నాచ్ బ్లాకు ఒకదానిని మధ్య క్లీటుకు చిన్న తాడుతో కట్టి వాడుతున్నాం. ఆ క్లీటు డాకు తాళ్ళ బరువు మోయడానికి అడుగున ప్లేటుతో బిగించినదే. ఏ చోట నుంచి లాగితే చాప నిలకడగా ఉంటుందో ఒక వేసవి అంతా అలా జరిపి చూసి, అప్పుడు పెన్సిలు తీయాలని నిర్ణయించుకున్నాం.